మా అక్క కుడి చెయ్యి

మా అక్క ఆర్డిస్ కాటా ముందు కూర్చుందంటే ఇంట్లో ఎవరూ అడుగు తీసి అడుగు వెయ్యకూడదు. తుమ్మకూడదు. తలుపు తియ్యకూడదు. జనవరిలో, బయట మంచు మోకాళ్ళ దాకా ఉన్నప్పుడు కూడా హీటర్ ఫ్యాను కట్టెయ్యాలి. ఆ గాలికి కాటా వణుకుతుందట. ఓసారి నేను చెర్రీ కేకు చేసి కింద గదిలోకి తీసుకెళ్తుంటే మెట్ల మీదే ఆపేసి, "అక్కడే ఉండు లవోన్, గాలి లేపుతున్నావు" అంది. గాలి లేపడానికి నేనేమన్నా ఏనుగునా? ఒళ్ళు మండి, వెనక్కి తిరిగి పైకొచ్చి, కేకు మొత్తం నేనే తిన్నాను. తిన్నందుకు ఇప్పటికీ నాకు చింత లేదు.

మా మోంటానాలో తుపాకీ ఉన్న ఇళ్ళలో చాలామంది తూటాలు సొంతంగా నింపుకుంటారు. కాల్చిన తూటా తాలూకు ఇత్తడి కేసును పారెయ్యరు. దానికి అడుగున కొత్త క్యాపు పెట్టి, లోపల మందు కొలిచి పోసి, మెడలో కొత్త గుండు నొక్కితే మళ్ళీ తూటా తయారు. జింకల వేటకు వెళ్ళేవాళ్ళు అంతటితో సరిపెట్టుకుంటారు. మా అక్కకు జింకలతో పని లేదు. రెండు వందల గజాల అవతల నిలబెట్టిన కాగితం మీద అయిదు తూటాలూ ఒకే రంధ్రంలోంచి పోవాలి. జీవితంలో ఆమె అడిగింది అదొక్కటే. అది చిన్న కోరిక అనుకునేవాళ్ళు ఒక్కసారి ప్రయత్నించి చూడండి.

మా ఊరు టిల్డెన్ ఫ్లాట్‌లో గోధుమలు నిలవచేసే ఎలివేటర్ ఉంది. అందులో లారీలు తూచే పని ఆర్డిస్‌ది. రిటైరయ్యేదాకా అదే పని. కోతల రోజుల్లో రైతులు దుమ్ముకొట్టుకుపోయి, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ వరసలో నిలబడేవాళ్ళు. అయినా ఆర్డిస్ తూచిందంటే మళ్ళీ తూచమని అడిగినవాడు లేడు. పగలు టన్నులు తూచి వచ్చి, సాయంత్రం ఆవగింజంత మందు పలుకుల్ని తూచేది. మధ్యలో వంట నాది.

అక్కకు ఒక మొగుడు కూడా ఉండేవాడు కొన్నాళ్ళు. వాడు సోమవారం చెప్పిన మాట మంగళవారానికి ఉండేది కాదు. ప్రతిదీ ఒకేలా ఉండాలనే మనిషికి అలాంటివాడు ఎక్కడ పడతాడు? వాడు వెళ్ళిపోయిన రోజు ఆర్డిస్ ఏడవలేదు. కింద గదిలోకి పోయి ఇత్తడి కేసుల్ని బరువు ప్రకారం వేరుచేస్తూ కూర్చుంది. నేను మాత్రం వాణ్ణి నోరారా తిట్టాను, ఎవరో ఒకరు తిట్టాలి కదా.

ఈ విద్య అక్కకు మా నాన్న నెల్స్ దగ్గర్నుంచి వచ్చింది. ఆయన బల్ల గరాజులో ఒక మూల, మాంసం దాచే పెద్ద ఫ్రీజరుకూ గోడకూ మధ్య ఇరుక్కుని ఉండేది. అక్కడ నిలబడి, గుండును కేసులోకి దించే ప్రెస్సు పిడి నొక్కాలంటే ఎడమ చెయ్యి ఒక్కటే ఆడుతుంది. కుడి చేత్తో నొక్కబోతే మోచెయ్యి గోడకు కొట్టుకుంటుంది. అందుకని పదేళ్ళ పిల్లప్పటినుంచీ ఆర్డిస్‌కు తుపాకీ మీటకు కుడి చెయ్యి, ప్రెస్సుకూ మందు కొలిచే మరకూ ఎడమ చెయ్యి అలవాటయ్యాయి. నాన్న పక్కన నిలబడి, "రెండోది మొదటిదానికి కవలపిల్ల కావాలి, మూడోదీ అంతే. చెల్లెలు అయితే కుదరదు" అనేవాడు. అంటూ నా వైపు చూసేవాడు. అందులో హాస్యం నాకు ఎప్పుడూ కనిపించలేదు.

ఆ ఎడమ చెయ్యి గురించి కొంచెం చెప్పాలి. ఇత్తడి కేసు మెడలోకి గుండు దిగేటప్పుడు పిడి పట్టుకున్న చేతికి ఒక ఆనవాలు అందుతుంది. ఒకటి బిగుతుగా దిగుతుంది, ఒకటి వదులుగా దిగుతుంది. ఆ తేడా కంటికి కనపడదు. మనలాంటివాళ్ళ చేతికీ అందదు. ఆర్డిస్ ఎడమ చేతికి అందేది. "ఇది బిగుసుకుంది" అని ఒకదాన్ని తీసి పక్కన పెట్టేది. నాకు జుట్టు కత్తిరించే దుకాణం ఉంది, ఈ ఊళ్ళో సగం తలలు నా చేతి కింద వంగినవే, జుట్టు పట్టుకుంటే ఏ తలలో ఏ గోల ఉందో చెప్పగలను. కానీ ఆ ఇత్తడి గొడవ నా చేతికి ఎప్పుడూ అంతుపట్టలేదు.

పోయినేడాది మొదటి మంచు పడ్డ రోజు ఆ ఎడమ చేతిలోంచి కాఫీ కప్పు జారింది. పింగాణీ పగిలితే ఊడుద్దామని చీపురు తెచ్చాను. ఆర్డిస్ కుర్చీలోంచి లేవలేదు. మూతి ఒక పక్కకు జారి ఉంది.

"అక్కా?"

"చెయ్యి... లేదు" అంది.

ఆస్పత్రివాళ్ళు మంచివాళ్ళే. మాట రెండు వారాల్లో తిరిగొచ్చింది, మూతి సర్దుకుంది, కాలు కాస్త ఈడుస్తూ అయినా నడిచింది. ఎడమ చెయ్యి మాత్రం రాలేదు. వస్తువు పట్టుకోగలదు, పట్టుకున్నది ఇనుమో ఉన్నో చెప్పలేదు. డాక్టరు "కుడి చేత్తో అన్నీ చేసుకోవచ్చు, అదృష్టవంతురాలివి" అన్నాడు. కారులో కూర్చున్నాక ఆర్డిస్, "తుపాకీ కాల్చే చెయ్యి మిగిలింది, నింపే చెయ్యి పోయింది" అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. గట్టిగానే ఏడ్చాను, కారు నడుపుతూ.

ఇందులో ఏముంది, కొన్న తూటాలు కాల్చుకోవచ్చుగా అంటారేమో. మా క్లబ్బులో ఆ మాట అనకండి. మా పోటీల్లో ఎవరి తూటా వాళ్ళే నింపుకోవాలి, అదీ అక్కడే. రేంజి పక్కన ఒక పొడుగాటి రేకుల షెడ్డు ఉంటుంది. అందరూ తమ ప్రెస్సు, తమ మర, తమ గుండ్ల డబ్బా తెచ్చుకుని బల్లల ముందు వరసగా కూర్చుంటారు. ఒక వరస, అంటే అయిదు తూటాలు, కాల్చి వచ్చి, అవే గుప్పెడు కేసుల్ని మళ్ళీ నింపుకుని, ఇంకో వరసకు వెళ్తారు. పొద్దుటి చలికి ఒక తీరు, మధ్యాహ్నపు ఎండకు ఒక తీరు, అక్కడికక్కడ చూసుకుని సర్దుకుంటారు. ఆ షెడ్డులో కూర్చోడం మానేస్తే ఇక మిగిలేది ప్రేక్షకుల బెంచీ. దాని మీద కూర్చునేది నేను. ఆర్డిస్‌ను నా పక్కన ఊహించుకోలేకపోయాను.

ఆ చలికాలమంతా కుడి చేతికి బడి పెట్టింది మా అక్క. మందు కొలిచే మర అంటే పైన సీసా, కింద ఒక ఇత్తడి గుంట, పక్కన పిడి. పిడి పైకెత్తితే గుంట నిండుతుంది, దించితే కేసులోకి ఒలుకుతుంది. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కానీ ఎత్తే వేగం మారితే పలుకులు సర్దుకునే తీరు మారుతుంది, తూకం మారుతుంది. మొదట్లో ఆర్డిస్ జాగ్రత్తగా, మెల్లగా చేసింది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. ఇంకా జాగ్రత్త పడింది. ఇంకా చెడింది. మా అక్క నోట అంతకుముందు వినని మాటలు ఆ నెలలో విన్నాను. కొన్ని నేర్చుకున్నాను కూడా.

"మెల్లగా చెయ్యడం కాదు లవోన్, ఒకేలా చెయ్యడం" అంది ఒకరోజు. "ఒక్కోసారి ఒక్కో రకం జాగ్రత్త పడుతున్నా. అదే నా రోగం."

అప్పుడు పాట మొదలుపెట్టింది. చర్చిలో ఈస్టరుకు పాడే కీర్తన ఒకటి, పెదాలు మూసి, ముక్కుతో. ఒక చరణానికి పిడి పైకి, ఇంకో చరణానికి కిందికి. తూకం వేసి, తిరిగి సీసాలో పోసి, మళ్ళీ. ఆ కీర్తన విని విని నాకు దేవుడి మీదే విసుగొచ్చింది. కానీ బాతులు ఉత్తరానికి తిరిగొచ్చే వేళకు కాటా ముల్లు ప్రతిసారీ అదే గీత మీద ఆగుతోంది. ఆ రోజు హీటర్ ఫ్యాను నేనే కట్టేసి, చప్పుడు కాకుండా మెట్ల మీద నిలబడి చూశాను.

అప్పుడు దాపురించాడు డెల్బర్ట్. క్లబ్బులో కొత్త సామాను ఏది వచ్చినా మొదట కొనేది వాడే. మనసు వెన్న, నోటికి మూత లేదు. "కోలుకుంటున్నావుగా, ఇదిగో కానుక" అని ఒక స్టీలు టబ్బు తెచ్చాడు. అందులో నీళ్ళూ సబ్బూ పోసి మీట నొక్కితే నీళ్ళు సన్నగా వణికి, ఇత్తడి కేసుల మసి లోపలా బయటా వదిలిపోతుంది. మామూలుగా అయితే ఆర్డిస్ దాన్ని గుమ్మంలోనే ఆపేది. నాన్న కాలం నుంచీ ఆమె అలవాటు మెడలో ఒకసారి అరిగిన బ్రష్షు తిప్పి, బయట గుడ్డతో తుడిచి వదిలెయ్యడమే. కానీ చెయ్యి మీద నమ్మకం పోయిన మనిషి. చేతి లోటు ఇంకెక్కడన్నా పూడ్చాలనుకుంది. కడిగింది. కేసులు కొత్త పెళ్ళికూతురి గాజుల్లా తళతళలాడాయి. నేనూ మురిసిపోయాను, తోమి మెరిపించిన ఇత్తడి చూసి ఎవరు మురవరు?

జూన్‌లో మొదటి పోటీ. శనివారం, ఆదివారం. గోధుమ చేలు ఇంకా పచ్చగా ఉన్నాయి. రేంజి మీద గాలి దిక్కు చూపే జెండాలు ఒకదాని మాట ఒకటి వినకుండా తలో దిక్కుకు తిరుగుతున్నాయి. ఆర్డిస్ కాలీడుస్తూ షెడ్డులోకి వచ్చి తన పాత చోట కూర్చుంటే అందరూ లేచి వచ్చి పలకరించారు. పలకరించి, ఆ కుడి చెయ్యి ఏం చేస్తుందో చూడ్డానికి అక్కడే నిలబడ్డారు.

"ఇక్కడేమన్నా ఆవు ఈనుతోందా?" అన్నాను నేను. "పోండి, మీ పనులు చూసుకోండి."

క్లబ్బు పెద్ద ఎమిల్ యురిచ్. గొర్రెల మంద ఉన్నవాడు, పొడుగాటి మనిషి, నిదానం. ఎన్నో ఏళ్ళుగా ఆర్డిస్ పక్క బల్ల అతనిదే. అతను మాత్రం పోలేదు. "ఆర్డిస్, నీ మందు ఓసారి తూస్తా. ఏమీ అనుకోకు" అన్నాడు. అతని మాటలో తప్పు లేదని నాకూ తెలుసు. మందు మోతాదు తప్పితే తుపాకీ మొహం మీదకే పేలుతుంది, పక్కవాడి మొహం మీదకు కూడా. అయినా నాకు ఒళ్ళు మండింది. వచ్చే నెల జుట్టు కత్తిరింపుకు నా కుర్చీలోనే కూర్చోవాలి కదా, చూస్తా అనుకున్నాను.

ఆర్డిస్ కీర్తన పాడుతూ మందు కొలిచింది, ఎమిల్ తూచాడు. అన్నీ ఒకటే తూకం. ఎమిల్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "నాకన్నా బాగుంది" అన్నాడు. నా గుండె సగం తేలికయింది.

మొదటి వరస కాల్చి టార్గెట్ తెచ్చారు. మూడు రంధ్రాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పైకి పోయింది, ఒకటి కిందికి జారింది. గాలి అయితే పక్కలకు తోస్తుంది గానీ పైకీ కిందికీ తొయ్యదు, ఆ మాత్రం నాకూ తెలుసు. ఆర్డిస్ కేసులన్నీ పట్టుకెళ్ళి మళ్ళీ టబ్బులో కడిగింది, ఆరబెట్టింది, నింపింది. రెండో వరసా అంతే. మధ్యాహ్నం ఇంకా అన్యాయం. డెల్బర్ట్ టార్గెట్ మీదకు వంగి, "మందు సరిగ్గానే ఉందంటున్నారు, తుపాకీ అదే, మరి ఇంకేముంటుంది..." అని ఆగాడు. అందరి కళ్ళూ ఆమె కుడి చెయ్యి మీదకు పోయాయి. ఆర్డిస్ ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుంది.

ఎమిల్ కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"మందు నువ్వే పోసుకో. గుండు మాత్రం ఒక్కోటి ఒక్కోలా కూర్చుంటోంది ఆర్డిస్. నొక్కేటప్పుడు చెయ్యి కుదరట్లేదు. రేపు నీవి నేను నింపుతా, నువ్వు కాల్చు."

"నా తుపాకీలో నీ తూటానా?"

"తప్పేముంది? ఒంట్లో బాగాలేనివాళ్ళకి సాయం చేస్తే రూలు ఏమీ చచ్చిపోదు. నేను అందరికీ చెప్తాగా."

"రేపు నా పళ్ళు కూడా నువ్వే తోముతావా?"

ఎమిల్ మొహం ఎర్రబడింది. "నీ మంచికే అంటున్నా" అన్నాడు మెల్లగా. అది నిజమే, అందుకే ఇంకా బాధ. తిట్టడానికి కూడా వీల్లేని మనిషి.

"పొద్దున్న మొదటి వరసకి నేనే నింపుతా" అంది ఆర్డిస్. "అదీ ఇలాగే వస్తే..."

"వస్తే?"

"ఇక నింపను. నీకూ ఇవ్వను. తుపాకీ ఇంట్లో పెట్టేస్తా."

నేనే అన్నాను, "అక్కా, అంత మాట ఎందుకు?" అని. ఆమె ఒకసారి మాట అంటే వెనక్కి తీసుకునే రకం కాదని నాకు తెలుసు. పెళ్ళి విషయంలోనూ చూశాం.

సాయంత్రం అందరూ బయట పొయ్యిల దగ్గర చేరారు. ఎల్క్ దుప్పి మాంసం సాసేజీలు కాలుతున్నాయి, ఎవరో బీన్సు కుండ మాడ్చేశారు. నేను ఒక పళ్ళెం నింపుకుని, రాత్రి పడుకోడానికి కారు వెనక తగిలించి తెచ్చుకున్న మా ట్రైలరులోకి వెళ్తే ఆర్డిస్ అప్పటికే మర్నాటికి కడిగి ఆరబెట్టిన కేసులు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. మందు లేకుండా, క్యాపు లేకుండా, ఉత్త కేసుల్లో గుండ్లు నొక్కి తీస్తోంది. నొక్కుతోంది, తీస్తోంది.

"తిను" అన్నాను.

"ఇది గట్టిగా దిగింది" అంది, నన్ను కాదు. "ఇది మెత్తగా. ఇది గట్టిగా."

"నీ చెయ్యి అలిసిపోయింది అక్కా. పొద్దున్నించి..."

"రా, నువ్వు నొక్కు."

"నేనా?"

"నీ చేతులు రెండూ బాగానే ఉన్నాయిగా. నొక్కు."

పళ్ళెం దించి కూర్చున్నాను. ఆ చిన్న ప్రెస్సు పిడి పట్టుకుని నొక్కాను. గుండు దిగింది. ఇంకో కేసు పెట్టింది. నొక్కాను. ఇంకోటి. మూడో దాని దగ్గర నా చెయ్యి ఆగింది. దిగడానికి మొరాయించి, కీచుమని, ఒక్కసారిగా జారింది. తడి గాజు మీద వేలు రాసినట్టు.

"ఇదేంటి, ఇరుక్కుంటోంది!" అన్నాను.

ఆర్డిస్ నా మొహం వంక చూసింది. "నీకూ తెలిసిందా?"

"తెలియకేం? ఇది వెధవది, పట్టుకుంటోంది."

"లవోన్" అంది మా అక్క, "నీ చేతికి పక్షవాతం రాలేదు కదా?"

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అయ్యాక అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు, పక్క ట్రైలరువాళ్ళు తలుపు తీసి చూశారు. తేడా చేతిలో లేదు, కేసులోనే ఉంది! ఇన్నేళ్ళు నా చేతికి అందని తేడా ఇవాళ అందిందంటే అది ఎంత పెద్ద తేడా అయి ఉండాలి! ఆర్డిస్ కుడి చెయ్యి పొద్దుటినుంచీ సరిగ్గానే చెబుతోంది, ఇది గట్టి, ఇది మెత్తన అని. ఆమే దాని మాట నమ్మలేదు. లోకమంతా ఆడలేక మద్దెల ఓడు అంటుంది. మా అక్క మద్దెల ఓడై ఉంటే తనకే ఆడటం రాదనుకుంది.

ఆర్డిస్ చిన్న లైటు పెట్టి కేసు మెడలోకి చూసింది. లోపల అద్దంలా మెరుస్తోంది.

"ఇంత తోమడం నా జన్మలో ఎప్పుడూ లేదు" అంది. "లోపల ఆ పల్చటి మసి ఉంటేనే గుండు నున్నగా జారుతుంది. ఒట్టి ఇత్తడికి గుండు మీది రాగి తగిలితే ఒకచోట పడుతుంది, ఒకచోట వదులుతుంది. మసి మొత్తం గీకేశాను. చేతి మీద అపనమ్మకంతో శుభ్రం ఎక్కువ చేశాను."

"ఆ డెల్బర్ట్‌గాణ్ణి..." అని లేచాను.

"కూర్చో. కడిగింది నేను." పళ్ళెం దగ్గరకు లాక్కుని, చల్లారిన సాసేజీ కుడి చేత్తో తీసుకుని, మొత్తం తినేసింది. నాది కూడా.

ఆదివారం పొద్దున లెక్కలోకి రాని వరస ఒకటి ఉంటుంది, తుపాకీ వేడెక్కడానికి. ఆర్డిస్ ఆ మెరిసే కేసులే నింపుకుని వెళ్ళి కాల్చింది. ఆ టార్గెట్ చూసి షెడ్డులో అందరూ మొహాలు తిప్పుకున్నారు, అంత ఘోరంగా ఉంది. ఆమెకు కావలసింది రంధ్రాలు కాదు, మసి. తిరిగొచ్చి కేసుల్ని బల్ల మీద పోసింది. మెడలు నల్లబడ్డాయి. నాన్న కాలం నాటి అరిగిన బ్రష్షు తీసి ఒక్కోదాంట్లో ఒక్కసారి తిప్పింది, బయట గుడ్డతో తుడిచింది, అంతే.

డెల్బర్ట్ టబ్బు ఎత్తుకుని వచ్చాడు. "నీళ్ళు మార్చాను ఆర్డిస్, వెయ్యి."

"నీ కాఫీ కప్పులు కడుక్కో."

"అదేంటి?"

ఆర్డిస్ రెండు మాటల్లో చెప్పింది. డెల్బర్ట్ నోరు తెరిచాడు. "కడిగాక, గుండు జారడానికి మెడలో గ్రాఫైట్ పొడి రాయలేదా? నేను రాస్తాగా ఎప్పుడూ. నీకు చెప్పలేదూ?"

"చెప్పలేదు" అన్నాను నేను. వాడు నా మొహం చూసి టబ్బుతో సహా వెనక్కి నడిచాడు.

ఎమిల్ దూరంగా నిలబడి చూస్తున్నాడు. ఆర్డిస్ మర ముందు కూర్చుని కీర్తన అందుకుంది. మందు పోసింది. అప్పుడు ప్రెస్సు దగ్గరకు జరిగి గుండ్లు నొక్కడం మొదలుపెట్టింది. నేను ఆమె భుజాల్ని చూస్తున్నాను. ఒక్కోటి దిగుతుంటే ఆ భుజాలు కిందికి వాలుతున్నాయి, పొద్దుగూకేవేళ పని ముగించుకున్న మనిషి భుజాల్లాగా. ఒక్కదాని దగ్గర ఆగింది. దాన్ని తీసి పక్కన పెట్టింది. కుడి చెయ్యి చెప్పింది, ఆమె విన్నది.

కాల్చడం నేను చూడలేదు. చూసే ధైర్యం లేక గోధుమ చేల వైపు తిరిగి నిలబడ్డాను. తుపాకీ మోతలు వినబడుతున్నాయి, ఏది మా అక్కదో తెలియడం లేదు. తర్వాత టార్గెట్లు తెచ్చే జీపు వచ్చింది. షెడ్డులోవాళ్ళంతా దాని చుట్టూ మూగారు.

ముందు చూసింది డెల్బర్టే. వాడు ఏమీ అనలేదు. డెల్బర్ట్ ఏమీ అనకపోవడం నా జన్మలో మొదటిసారి చూశాను. కాగితం మధ్యలో ఒకటే రంధ్రం, అంచులు కొంచెం చిరిగిన రంధ్రం. అయిదు తూటాలూ అందులోంచే పోయాయి. చిటికెన వేలి గోరు పెడితే మూసుకుపోతుంది.

మా షెడ్డులో ఎవరైనా అంత చిన్న రంధ్రం కొడితే చప్పట్లు కొట్టరు. ఖాళీ కేసులున్న పెట్టెలు పైకెత్తి గలగలలాడిస్తారు. ఆ రేకుల కింద అందరూ ఒకేసారి ఊపితే ఆ చప్పుడు పంటి మీద తగులుతుంది. ఊపారు. ఊపుతూనే ఉన్నారు. ఆర్డిస్ తల వంచుకుని బ్రష్షు తుడుచుకుంటోంది, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. నేను ఏడుస్తూ అందరికీ వినబడేలా, "మా అక్క! మా అక్క!" అన్నాను, అక్కడ ఎవరికీ తెలియనట్టు. సిగ్గేముంది? మా అక్కే కదా.

పోటీ ఆమె గెలవలేదు. శనివారం పోగొట్టుకున్నది ఆదివారం మొత్తం కాల్చినా పూడలేదు. గెలిచింది డెల్బర్ట్, వాడి మెరిసే కేసులతో. ఆ కప్పు ఎత్తుకుని వాడు మా వైపు చూడడానికి భయపడ్డాడు. ఆర్డిస్ లేచి వెళ్ళి వాడి వీపు చరిచింది, కుడి చేత్తో.

సామాను సర్దుకుంటుండగా ఎమిల్ వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నిన్న అన్న మాటకు క్షమాపణ చెబుతాడనుకుని, ఏం జవాబు చెప్పాలో నేను సిద్ధం చేసుకున్నాను. అతను ఆ మాట ఎత్తలేదు. తన ప్రెస్సు, తన కేసులు ఆర్డిస్ బల్ల మీద పెట్టాడు.

"వసంతం నుంచీ నావాటిలో కూడా ఒకటి పైకి పోతోంది. అందరికీ గాలి అని చెప్తున్నా. గాలి కాదని నాకు తెలుసు. నాకేమీ తెలియట్లేదు ఆర్డిస్, వయసైపోయి చేతులు మొద్దుబారిపోయాయి. నువ్వు నొక్కి చూస్తావా?"

ఆర్డిస్ అతని చేతుల వంక చూసింది. గొర్రెల బొచ్చు కత్తిరించి కత్తిరించి కాయలు కాసిన చేతులు.

"కేసు నీది, చెయ్యి కూడా నీదే ఉండాలి" అంది. "కూర్చో. నొక్కు."

ఎమిల్ కూర్చుని పిడి పట్టుకున్నాడు. మా అక్క తన కుడి చెయ్యి తెచ్చి అతని చెయ్యి మీద పెట్టింది. ఒకటి దిగింది. ఇంకోటి దిగింది. ఇంకోటి సగంలో ఉండగా ఆమె, "ఆగు" అంది.

"ఇదేనా?"

"ఇదే. తీసి అవతల పెట్టు."

ఎమిల్ ఎందుకని అడగలేదు. తీసి అవతల పెట్టాడు.